బ్యాటరీల గది

గోదావరి పడుకునే గదికి ఆనుకుని ఇంకో గది ఉంది. ఒకప్పుడు అందులో పసుపు బస్తాలు ఉండేవి. ఇప్పుడు తొర్లపాడు ఊరి ట్రాక్టర్ల బ్యాటరీలన్నీ అందులోనే ఉన్నాయి. గోడ పొడవునా వరసగా పేర్చి, ఒక్కోదాని మీద సుద్దముక్కతో యజమాని పేరు రాసి పెట్టారు. తలుపు తీస్తే యాసిడ్ వాసన ముక్కుపుటాలు కోసేస్తుంది. ఆ గది తాళంచెవి మాత్రం గోదావరి రొండిలోంచి కదలదు.

చెరుకు కొట్టే అదను దాటిపోతోంది. బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో లారీలు తిరుగుతున్నాయి. తొర్లపాడులో మాత్రం ఒక్క గడ నేల మీద పడలేదు. పడనివ్వలేదు గోదావరి. ఊరి రైతు సంఘానికి ఆమె అధ్యక్షురాలు. సంఘం అడిగేది ఒకటే. తూకం ఊళ్లోనే, రైతు కళ్ల ముందే జరగాలి. మిల్లు కాటాను నమ్మేది లేదు. మిల్లు ఒప్పుకునేదాకా ఎవరూ చెరుకు తోలకూడదు. ఒక్కడు తోలినా కట్టు తెగినట్టే.

మనుషులు ఇచ్చే మాట మీద ఆమెకు నమ్మకం లేదు. తాళంచెవుల మీద అంతకన్నా లేదు. పాత ట్రాక్టరును స్క్రూడ్రైవరు దూర్చి తిప్పినా లేపొచ్చని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకే బ్యాటరీలు ఊడదీయించింది.

ఆ రోజు పొద్దున్నే దేవన్న వచ్చాడు. యాభై దాటిన మనిషి. రెండెకరాల చెరుకు, ఎండిపోయిన బోరు, అప్పుడే నిద్రలేచినట్టుండే ఎర్రటి కళ్లు.

"గోదావరీ, నా బ్యాటరీ ఇయ్యి."

గోదావరి చాయ్ గ్లాసు దించలేదు. "దేనికి?"

"నీళ్ల ట్యాంకరు గుంజుకొస్త. తోట ఎండుతుంది. పోయి సూడు, ఆకు గలగలమంటుంది."

"ఎండనియ్యి. ఊరందరిది ఎండుతలేదా?"

"నీకు బోరుంది."

"నీకు నోరుంది."

అరుగు మీద కూర్చున్న రంజిత్‌కు నవ్వొచ్చింది. గోదావరి మరిది అతను, సంఘంలో ఆమె తర్వాత ఆమె అంతటివాడు. వదిన మొహం చూసి నవ్వు దిగమింగాడు.

"నా ట్రాక్టరు, నా బ్యాటరీ, నా చెరుకు" అన్నాడు దేవన్న. "బిచ్చం అడుక్కుంటున్నది నేను. దొరల కాలంల గిట్లనే ఉంటుండెనంట."

"దొరల కాలమైతే నువ్వు చెప్పులేసుకొని నా వాకిట్ల నిలవడకపోదువు. నీ ట్రాక్టరుకు బ్యాటరీ ఉంటే ఏమయితదో నాకు ఎర్కనే దేవన్నా. సప్పుడు జెయ్యకుంట లేస్తది. సప్పుడు జెయ్యకుంట ఇంటికి పోతది."

దేవన్న మొహం నల్లబడింది. వెనుదిరిగాడు.

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పదేళ్ల కింద ఇదే తూకం గొడవ మీద ఊరంతా రాస్తారోకో చేసింది. గోదావరి మొగుడు బాలన్న ముందు నిలబడ్డాడు. ట్రాక్టర్లను రోడ్డుకు అడ్డంగా గోడలా పెట్టి, ఎవరూ కదలొద్దని అందరూ ఒట్టేసుకున్నారు. పొద్దు వాలింది. ఒకరి తర్వాత ఒకరు, పశువులకు గడ్డెయ్యాలని ఒకరు, ఇంట్లో చుట్టాలొచ్చారని ఇంకొకరు, బండి తీసుకుని జారుకున్నారు. బాలన్న ఒక్కడే నడిరోడ్డు మీద మిగిలాడు. ట్రాక్టర్ల గోడ ఉంటే ఆగాల్సిన లారీ ఆగలేదు. సద్దిగిన్నె పట్టుకుని వచ్చిన గోదావరికి ఖాళీ రోడ్డూ, టైర్ల గుర్తులూ, ఒక పక్కకు ఒరిగిన మొగుడూ కనిపించారు.

మొదట ఎవరు లేచిపోయారో ఈనాటికీ ఎవరూ చెప్పలేదు. ఊళ్లో ఏ మొహం చూసినా ఆమె అదే వెతుకుతుంది. ఊరు కూడా ఆమెను ఇష్టపడి అధ్యక్షురాలిని చేయలేదు. ఆమె అడిగితే కాదనే మొహం ఎవరికీ లేకపోయింది. బ్యాటరీలు తెచ్చిమ్మంటే తలొంచుకుని తెచ్చి ఇచ్చింది అందుకే.

"వదినా, ఆయిన తోట నిజంగనే ఎండింది" అన్నాడు రంజిత్. "ఒక్క ట్యాంకరే కదా. నేను ఎంబడి పోతా."

"నీకు తెల్వది. నువ్వు గప్పుడు బడికి పోయేటోనివి."

"తెల్వకపోవుడేంది? సచ్చింది మా అన్న."

"నీకు అన్న సచ్చిండు. నేను ఖాళీ రోడ్డు సూసిన." గోదావరి లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "నేను నిజామాబాద్ పోతున్న. మిల్లోళ్లు మెత్తవడ్డరు, ఇయ్యాల సంతకం అయితది. నేనొచ్చేదాంక ఆ తాళం జోలికి ఎవడు రావద్దు. ఎవడు ఏం కథ చెప్పినా సరే."

* * *

మిల్లు టౌను ఆఫీసు వినాయక్‌నగర్‌లో ఉంది. ఏసీ గది. మేనేజరు మెత్తగా మాట్లాడే మనిషి. అలాంటివాళ్లంటే గోదావరికి ఒళ్లంతా కళ్లవుతాయి.

"ఊళ్లోనే కాటా పెడతాం. మా గుమాస్తా ఉంటాడు" అన్నాడు.

"మా మనిషి గూడ ఉంటడు."

"ఉండనీయండి."

"తూకమైనంక మిల్లు కాడ మల్ల జోకుడు ఉండొద్దు."

మేనేజరు కాగితం ముందుకు లాక్కున్నాడు. "సరేనమ్మా. మీతో పడలేం."

పెన్ను తీశాడు. సరిగ్గా అప్పుడే గోదావరి ఫోను మోగింది. రంజిత్.

"వదినా, తోట అంటుకుంది. తాళం పలగ్గొడుతున్న."

"ఎవని తోట?"

"దేవన్నది. గాలి మీది దిక్కుకు మళ్లింది. ముంగట చెరుకు తొక్కిచ్చి దున్నకుంటే అందరిది పోతది. ట్రాక్టర్లు లేవాలె వదినా, జల్ది."

దేవన్న పేరు వినగానే గోదావరి మనసులో ఒక తలుపు దభీమని మూసుకుంది. పొద్దున ట్యాంకరన్నాడు. ఇవ్వకపోయేసరికి ఇప్పుడు అగ్గి అంటున్నాడు. ఇక్కడ సంతకం కావడానికి క్షణాలు ఉన్నాయనగా, అక్కడ బ్యాటరీలు బయటికి రావాలి. ఇంత బాగా ఎలా కుదిరింది?

"నిన్నెంతకు కొన్నరు రంజిత్?"

అవతల మనుషుల అరుపులు వినిపిస్తున్నాయి. వాటి వెనక పటపటమని, పటాకుల సరం పేలుతున్నట్టు.

"గా సప్పుడు ఇంటున్నవా? గడలు పేలుతున్నయి."

"పెండ్లి బరాతుల గూడ గదే సప్పుడు. తాళం ముట్టుకుంటే నువ్వు మీ అన్నకు తమ్మునివి కావు. నా గడప తొక్కేది లేదు."

పెట్టేసింది. వెంటనే మళ్లీ మోగింది. కట్ చేసింది. ఇంకోసారి మోగితే బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఏదైనా అర్జంటా?" అన్నాడు మేనేజరు.

"ఏం లేదు. మీరు సంతకం పెట్టుండ్రి."

ఈసారి బల్ల మీద మోగింది మేనేజరు ఫోను. చెవికి పెట్టుకుని విన్నాడు.  ఫోను దించి, పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"మీ ఊళ్లో చెరుకు కాలుతోందటమ్మా."

"ఎవలు చెప్పిండ్రు?"

"మా ఫీల్డ్‌మ్యాన్ అక్కడే గట్టు మీద ఉన్నాడు. పొగకు కళ్లు కనబడటం లేదంటున్నాడు."

"అయితే మీరే పెట్టిచ్చిండ్రు."

"మాకేం అవసరం? ఇప్పుడే సంతకం పెట్టబోయాను, మీరు చూశారు."

బోర్లా పడి ఉన్న ఫోను బల్ల మీద గరగరమని కదిలింది. గోదావరి తీసింది. దేవన్న గొంతు. ఏడుస్తున్నాడో దగ్గుతున్నాడో తెలియడం లేదు.

"గోదావరీ, నేనే పెట్టిన."

ఆమె ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"కాలిన చెరుకును ఎవలు ఆపరు కదా. మిల్లు ముందుగాల తీసుకోవాలె, సంఘం వద్దనదు. గట్లన్న నా రెండెకరాలు మిల్లుకు పోతయనుకున్న. నా మడి మటుకే కాలుతదనుకున్న."

ఈ ప్రాంతంలో ఇది కొత్త ఎత్తు కాదు. చెరుకు కొట్టడానికి వరస దొరకని రైతు తన తోటకు తానే నిప్పు పెట్టుకుంటాడు. కాలేది ఆకే, గడ లోపల రసం అలాగే ఉంటుంది. కానీ రెండు రోజులు దాటితే పులుస్తుంది, అందుకని కాలిన తోటకు మిల్లు ముందు వరస ఇస్తుంది. అయితే నిప్పు పెట్టేముందు మడి చుట్టూ ట్రాక్టరుతో పట్టీ దున్నాలి. గాలి తిరిగితే నాలుగు బళ్లు లేపి అడ్డం దున్నాలి. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్న పని. దేవన్న చుట్టూ పారతోనే ఆకు ఊడ్చి, గాలి తిరిగితే ఊళ్లో ట్రాక్టర్లు ఉన్నాయి కదా అని అగ్గిపుల్ల గీశాడు. పొద్దున తాను అడుక్కున్న బ్యాటరీలాగే ఊరందరి బ్యాటరీలూ ఒకే గదిలో ఉన్నాయన్న సంగతి మంట తిరిగాక గానీ ఆయనకు తట్టలేదు.

తన మీద తానే నేరం వేసుకుంటున్నవాడు అబద్ధం చెప్పడు. గోదావరి కుర్చీలోంచి లేచింది.

"పలగ్గొట్టుండ్రి" అంది. "తాళం పలగ్గొట్టుండ్రి."

"రంజిత్ గప్పుడే పలగ్గొట్టిండు" అన్నాడు దేవన్న. "నీతోని మాట్లాడుకుంట మస్తు ఆల్శమయింది."

మేనేజరు కాగితాన్ని సొరుగులో పెట్టి మూశాడు. "చూడండమ్మా. కాలిన చెరుకు తీసుకుంటాను. లారీలు రేపే పంపుతాను. కానీ తూకం మా కాటా మీదే. కాలనిది కూడా దానితో పాటే తోలాలి. లేదంటే కాలింది అక్కడే పులుస్తుంది. మీ వాళ్లు ఎన్నాళ్లు ఆగుతారో మీకే బాగా తెలుసు."

"ఆగరని తెల్సు" అంది గోదావరి. తన నోటి నుంచి ఆ మాట ఎందుకు వచ్చిందో ఆమెకే తెలియలేదు. మేనేజరు నవ్వాడు.

* * *

బస్సు ఎడపల్లి దాటగానే పొగ కనిపించింది. ఊరి దారి పట్టేసరికి కాలిన ఆకు నల్లటి పీలికలై గాలిలో తేలుతూ వచ్చి చీర మీద వాలుతోంది. చేత్తో దులిపితే మరకై అంటుకుంటోంది.

మంట ఆగింది. బోధన్ నుంచి ఫైరింజను వచ్చేలోపే ట్రాక్టర్లు అడ్డం దున్నాయి. కానీ అవి లేచేసరికే దేవన్న రెండెకరాలతో పాటు తిరుపతమ్మ తోట మొత్తం, పక్కన ఇంకో ఇద్దరి చెరుకు కాలిపోయాయి. ఊరి జనమంతా గోదావరి ఇంటి ముందే ఉన్నారు. బ్యాటరీల గది తలుపు ఒక బందు మీద వేలాడుతోంది. లోపల ఖాళీ.

ఎవరో తెలిసి కూడా, ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది. "తాళం ఎవలు పలగ్గొట్టిండ్రు?"

 జనం పక్కకు జరిగారు. అరుగు మీద రంజిత్ కూర్చుని ఉన్నాడు. రెండు చేతులకూ మోచేతుల దాకా తెల్లటి కట్లు. మంటకు ఎదురుగా మొదటి ట్రాక్టరు నడిపింది అతనే. స్టీరింగు సలసల కాగుతున్నా వదల్లేదట.

"నేనే" అన్నాడు.

తిరుపతమ్మ ముందుకొచ్చింది. మొగుడు పోయాక ఆ తోట మీదే కొడుకును సాకిన మనిషి. మొహమంతా మసి.

"నా పంట బూడిదయింది. మరిది చేతులు కాలినయి. నువ్వు తాళం సంగతి అడుగుతున్నవు. నీ గుండెల ఏమున్నదే గోదావరీ? అది గూడ బ్యాటరేనా?"

గోదావరి ఆమెను దాటుకుని దేవన్న దగ్గరికి పోయింది. గోడ వారగా మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్నాడు. కనుబొమలు కాలిపోయాయి. చెంపలు వాచి ఉన్నాయి. అది మంట పని కాదు, ఎవరో నాలుగు వాయించారు.

"వీడు మిల్లుకు అమ్ముడువోయిండు" అంది గట్టిగా, అందరికీ వినిపించేలా. "ఇయ్యాల్టి నుంచి వీని ఇంటికి నిప్పు నీళ్లు బంద్. వీనితోని మాట్లాడినోళ్లకు గూడ బంద్. ఇగ బ్యాటరీలు తెచ్చి గదిల పెట్టుండ్రి. గిప్పుడే. మిల్లోడు కాలిందాంతోని కాలనిది గూడ వాళ్ల కాటా మీదికే తోలమంటుండు. పొద్దూకేలోపు మీల సగం మంది తోలుతరు, నాకు ఎర్కనే."

ఎవరూ కదల్లేదు. ఆమె మళ్లీ చెప్పింది. ఎవరో దగ్గారు తప్ప కదల్లేదు.

"పెట్టం" అన్నాడు రంజిత్.

"ఏందిరా?"

"బ్యాటరీలు పెట్టం వదినా. దేవన్న అమ్ముడువోలే. అమ్ముడువోయినోడు తన మడి తను కాలవెట్టుకోడు. తెలివిలేని పని జేసిండు, దెబ్బలు తిన్నడు. ఇగ ఆయిన కాలింది ఆయిన్నే ఏడ్వాలె, గండ్ల మేం కల్వం." అతను జనం వైపు తిరిగాడు. "తిరుపతక్కకు, ఇంక ఇద్దరికి నిలవడ్డ తోటలకెల్లి ఒక్కొక్కలం ఒక్కో బండి చెరుకు ఇస్తం. కాలింది పులవనియ్యి. మిల్లు కాటా మీద ఒక్క గడ జోకం. ఒప్పుకునేటోళ్లు చెయ్యి లేపుండ్రి. నేనైతే లేపలేను, నా పాలు మా కృష్ణ లేపుతడు."

ఎవరో నవ్వారు. తిరుపతమ్మ కొడుకు కృష్ణ రెండు చేతులూ ఎత్తాడు. తర్వాత ఒక్కొక్కటిగా చేతులు లేచాయి. గోదావరి ఆ చేతులను కాదు, ఆ మొహాలను చూసింది. అవే మొహాలు. ఆ రోజు ఒట్టేసిన మొహాలే.

"గివే చేతులు నా మొగనికి గూడ లేపిండ్రు" అంది.

ఈసారి ఎవరూ తల దించుకోలేదు. పదేళ్లలో మొదటిసారి.

"లేపినం" అన్నాడు గుంపులోంచి ఒక ముసలాయన. "తప్పయింది. ఇంక ఎన్నేండ్లు అడుగుతవు?"

* * *

మర్నాడు తెలవారకముందే గోదావరి ఊళ్లోకి బయల్దేరింది. ఏ ఇంటి ముందు ట్రాక్టరు ఉంటే అక్కడ ఆగి, బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. ఇంజను రాత్రి తిరిగి ఉంటే ఇనుము వెచ్చగా ఉంటుంది. ఒక్కోటి ముట్టుకుంటూ వాడకట్టంతా తిరిగింది. అన్నీ మంచులా చల్లగా ఉన్నాయి. ఊరట కలగాల్సింది పోయి ఆమెకు కోపం పెరిగింది. రేపు పోతారు. ఎల్లుండి పోతారు.

ఆ మర్నాడు మళ్లీ తిరిగింది. వాకిలి ఊడుస్తున్న ఆడవాళ్లు చీపురు ఆపి చూశారు. ఒకామె పక్కింటామెతో వినిపించేలాగే అంది, "జొరమొచ్చిందో లేదో సూస్తుంది, డాక్టరమ్మ."

కాలిన చెరుకు పులిసిపోయింది. గాలి తిరిగినప్పుడల్లా ఊరంతా కల్లు కుండ వాసన. మిల్లు లారీలు వచ్చి చౌరస్తా దగ్గర ఖాళీగా నిలబడి తిరిగిపోయాయి. అయినా ఎవరూ కదల్లేదు. గోదావరికి నిద్ర పట్టడం లేదు.

మూడో పొద్దున రంజిత్ ఇంటి ముందున్న ట్రాక్టరు మీద చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది.  చెయ్యి తీసి మళ్లీ పెట్టింది. వెచ్చగానే ఉంది. వెనక ట్రాలీ తగిలించి ఉంది, టైర్లకు పచ్చి మట్టి.

"దొరికినవురా" అని అరిచింది. "బయటికి రా రంజిత్. ఊరోళ్లు రాండ్రి, సూడుండ్రి మీ నాయకుణ్ని. చేతులు లేపిచ్చినోడే రాత్రికి రాత్రి తోలిండు."

తలుపులు తెరుచుకున్నాయి. తిరుపతమ్మ వచ్చింది, కృష్ణ వచ్చాడు, వాడకట్టు మొత్తం వచ్చింది. రంజిత్ కట్లు కట్టిన చేతులతో గడపలో నిలబడ్డాడు. అతని వెనక, ఇంటి లోపలి నుంచి, చాయ్ గ్లాసులు పట్టుకుని అయిదారుగురు కొత్త మనుషులు వచ్చారు. తెల్లటి రుమాళ్లు, నలిగిన ధోవతులు. ముందున్న పెద్దమనిషి హన్మాండ్లు. పక్క ఊరి రైతు సంఘం పెద్ద.

"మూడూళ్లు తిరిగొచ్చినం" అన్నాడు రంజిత్. గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేదనిపించింది ఆమెకు. "కృష్ణ బండి తోలిండు. వీళ్లు గూడ మనతోని నిలవడతమంటున్నరు. రేపటికెల్లి వాళ్లూళ్లె గూడ కొట్టుడు బంద్."

హన్మాండ్లు గోదావరిని కింది నుంచి మీదికి చూశాడు. బానెట్ మీద ఇంకా ఉన్న ఆమె చేతిని చూశాడు.

"గీమెనేనా మీ అధ్యక్షురాలు?"

ఎవరూ అవుననలేదు. ఎవరూ కాదనలేదు.

గోదావరి చేతిలోని ఫోను మోగింది. మిల్లు మేనేజరు. అతని మెత్తటి గొంతులో తొందర ఉంది. "అమ్మా, పక్క ఊళ్లు కూడా ఆపేస్తున్నాయట నిజమేనా? చెరుకు కొట్టే కూలీల గుంపులన్నీ ఖాళీగా కూర్చుంటే మాకు గానుగ నడవదు. మీరు అడిగిన కాటాకు ఒప్పుకుంటాం. మీరే మాట్లాడి ముగించండి."

మీరే. ఒక్క మాట అంటే చాలు. సరే అంటే ఈ గెలుపు తన ఖాతాలోనే పడుతుంది. ఆమె వాడకట్టును చూసింది. రాత్రంతా బ్యాటరీలు వాళ్ల బండ్లలోనే ఉన్నాయి. మొన్నా ఉన్నాయి, నిన్నా ఉన్నాయి. అయినా పోలేదు. ఎందుకు పోలేదో ఆమెకు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని నడిపించడం ఎలాగో ఆమెకు రాదు.

"మాట్లాడేది నేను కాదు" అంది ఫోనులో. దాన్ని రంజిత్ వైపు చాచింది. "మిల్లోడు. కాటాకు ఒప్పుకుంటుండంట."

రంజిత్ కట్లు కట్టిన చేతులు పైకెత్తి చూపించాడు. వేళ్లు కనబడనంత మందంగా చుట్టి ఉన్నాయి. కృష్ణ ఫోను అందుకోబోయాడు. గోదావరి ఇవ్వలేదు. రెండడుగులు వేసి రంజిత్ పక్కన నిలబడి, ఫోను అతని చెవికి ఆనించి పట్టుకుంది.

"చెప్పుండ్రి సార్" అన్నాడు రంజిత్. "రంజిత్‌ను మాట్లాడుతున్న. నాలుగూళ్లు."

అతను ఆమె వైపు చూడలేదు. హన్మాండ్లు వచ్చి రెండో పక్కన నిలబడి చెవి ఒగ్గాడు. జనం మెల్లగా దగ్గరికి జరిగి, ఆమె చుట్టూ కాదు, అతని చుట్టూ మూగారు. మాటలు తెగేలా లేవు. ఒక్కో ఊరి కాటా ఎక్కడ పెట్టాలో, తూచేది ఎవరో, ఒక్కోటి అడుగుతున్నాడు. గోదావరి చెయ్యి నొప్పెట్టింది, తర్వాత తిమ్మిరెక్కింది. ఎవరూ దాన్ని దింపమనలేదు. ఆమె దింపలేదు.